ఎర్రసిరా చుక్క

నా చేతిరాత బాగుంటుందని అమలాపురంలో చాలామందికి తెలుసు. శుభలేఖల మీద అడ్రసులు, బడి ఫంక్షన్లకి బోర్డులు, ఆఖరికి పోయినవాళ్ల పటాల కింద పేర్లు కూడా నాచేతే రాయించుకునేవారు. పొగిడితే ఉబ్బిపోయే రకాన్ని నేను. ఆ చేతిరాతతోనే ఒక మంచి ఆటగాడి బతుకు పాడుచేశాను. ఈ సంగతి ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను కదా అని నన్నెవరూ మెచ్చుకోనక్కర్లేదు. చెప్పాల్సిన రోజున నోరు విప్పలేదు కాబట్టే ఇదంతా రాయాల్సి వస్తోంది.

తొంభైల్లో గడియార స్తంభానికి కాస్త లోపలగా నాకో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఏడు మిషన్లు, పొద్దునా సాయంత్రమూ బ్యాచీలు, గోడ మీద పరీక్ష పాసైనవాళ్ల ఫొటోలు. నాకు తిండి పెట్టింది అది. ప్రాణం మాత్రం బాల్ బ్యాడ్మింటన్ మీద ఉండేది. ఆడటం రాదు. కుర్రతనంలో ఆడబోతే బంతి కన్నా ముందు నేనే వలలో పడేవాణ్ణి. అందుకని స్కోరు రాయడం పట్టుకున్నాను. రాజోలు నుంచి కొత్తపేట దాకా ఎక్కడ టోర్నమెంటు పెట్టినా స్కోరు బల్ల దగ్గర కుర్చీ నాదే.

ఇప్పటి పిల్లలకి ఆ ఆట తెలీదు. చెబితే షటిల్ అనుకుంటారు. షటిలూ కాదు, టెన్నిసూ కాదు. టెన్నిసు బ్యాటు లాంటి కొయ్య బ్యాటు, నిమ్మకాయ కన్నా కాస్త పెద్దదైన పసుపుపచ్చ ఉన్ని బంతి, మధ్యలో వల, అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. బంతి నేల తాకకూడదు. ఇరవైతొమ్మిది పాయింట్లు ఎవరు ముందు చేస్తే గేము వాళ్లది. కోతలైపోయాక ఊరూరా కొబ్బరిచెట్ల మధ్య కాస్త ఖాళీ జాగా చూసి, రోలరు లాగి, పేడనీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసేవారు. మధ్యాహ్నం మూడు దాటితే చాలు, చుట్టుపక్కల ఊళ్ల జనమంతా సైకిళ్లేసుకుని దిగిపోయేవారు. క్రికెట్ వచ్చి ఈ ఆటని మింగేసింది. టీవీలో క్రికెట్ వస్తుంటే ఇప్పటికీ నేను లేచి అవతలికి పోతాను.

ఆ రోజుల్లో మా వైపు అయిదుగురు మొనగాళ్లుండేవారు. అయిదుగురివీ అయిదూళ్లు. వాళ్లతో కలిసి తిరిగాను, ఒక విస్తరి పక్కన ఇంకో విస్తరి వేసుకుని తిన్నాను, వాళ్ల మోకాళ్లకి బామ్ రాశాను. అందులో ఇద్దరు నాకు బాగా దగ్గర. ఒకాయన వల దగ్గర ఆడే బస్సు కండక్టరుగారు. ఆటల కోటాలోనే ఆయనకి ఆ ఉద్యోగం వచ్చింది. రెండో ఆయన వెనక ఆట ఆడేవాడు, ఎడంచేతి వాటం. జనమంతా పుర్రచెయ్యి అనే పిలిచేవారు. నేనూ ఇక్కడ అలాగే అంటాను. అసలు పేరు రాయడానికి నాకు అర్హత లేదు.

పుర్రచెయ్యిది పి.గన్నవరం అక్విడెక్టు అవతల ఒక పేట. కొబ్బరికాయలు ఒలిచే పని. నేలలో పాతిన ఇనప గునపం మీద కాయ పొడిచి మెలితిప్పితే పైనున్న పీచు డొక్క ఊడి వచ్చేస్తుంది. రోజంతా అదే మెలి. ఆ మెలి అతని మణికట్టులో ఉండిపోయింది. అతను కోసి కొట్టిన బంతి వల దాటేదాకా తిన్నగా వెళ్లి, దాటగానే చచ్చినట్టు కింద పడేది. ఎదుటివాళ్లు బ్యాటు ఎత్తి అలాగే నిలబడిపోయేవారు. నేను స్కోరు రాయడం మర్చిపోయి చూస్తుంటే కండక్టరుగారు వల దగ్గర్నుంచి, "మేష్టారూ, పాయింటు వేసుకోండి, మళ్లీ ఆడలేం" అనేవారు.

ఆదివారం ఫైనల్స్ ఉంటే పుర్రచెయ్యి పొద్దున్నే చర్చిలో మొదటి ఆరాధనకి వెళ్లి, అటునుంచి అటే సైకిలెక్కి వచ్చేవాడు. చేతిసంచిలో బ్యాటూ బైబిలూ రెండూ ఉండేవి. ఆడేముందు సంచి నా కుర్చీ కింద పెట్టి, "చూత్తా ఉండండి మేష్టారూ" అనేవాడు. నా దగ్గర ఉంటే భద్రమని అతని నమ్మకం.

ఇక అసలు సంగతికి వస్తాను. మా టోర్నమెంట్లన్నిటికీ ఒక నియమం ఉండేది. ఏ ఊరి పేరు మీద టీము దిగితే ఆ ఊరివాళ్లే ఆడాలి. రాసుకోవడానికి బాగానే ఉంది. కప్పు కావాలనుకున్న ప్రతి ఊరూ బయటినుంచి ఆటగాళ్లని పిలిపించుకునేది. వీళ్లని అరువు ఆటగాళ్లనేవారు. బరిలో ఆడేది అరువు మనిషి, కాగితం మీద పేరు ఊళ్లో ఎవరో ఒకరిది. జనానికి తెలుసు, అంపైరుకి తెలుసు, ఓడిపోయినవాళ్లకీ తెలుసు. వాళ్లు కూడా పిలిపించుకున్నవాళ్లే కదా, ఇంకేం అడుగుతారు. ఎవరూ దీన్ని తప్పనుకోలేదు. నేనైతే ముచ్చటపడి రాసేవాణ్ణి.

పేర్లు నీలం సిరాతో, పాయింట్లు ఎర్ర సిరాతో వేయడం నా పద్ధతి. పేరు ఒకరిది, మనిషి ఇంకొకడు అయ్యేసరికి పాయింటు ఎవరికి వేయాలో నాకే తికమకయ్యేది. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాను. అరువు ఆటగాడు ఆడుతున్న పేరు పక్కన ఎర్రసిరాతో చిన్న చుక్క. చూసేవాళ్లకి అది పెన్ను తగిలిన మచ్చలా ఉంటుంది. ఆ చుక్క అర్థం నాకూ, ఆ అయిదుగురికీ మాత్రమే తెలుసు. పుర్రచెయ్యి మ్యాచి అయ్యాక నా భుజం మీదుగా వంగి షీటు చూసి, "ఇదిగోనండీ, నేనిక్కడున్నాను" అని చుక్క మీద వేలు పెట్టి నవ్వేవాడు.

ఒకసారి కండక్టరుగారు కేకలేశారు. ఆలమూరులో కప్పు కొట్టి సైకిళ్ల మీద వస్తున్నాం.

"ఒక్కచోటైనా నీ పేరు రాయించుకోరా. రేపు అవసరమొత్తే ఏం చూపిత్తావు?"

"మా పేటకి కోర్టేదండీ? కోర్టు లేని ఊరికి టీమెక్కడుంటాది? టీము లేనోడికి పేరెందుకండీ?" అన్నాడు పుర్రచెయ్యి.

"మేష్టారూ, మీరైనా చెప్పండి."

నేను చెప్పలేదు. "ఆటే ముఖ్యంలెండి" అన్నాను. నా తలకాయ. అంత తెలివితక్కువ మాట నేను జన్మలో ఇంకోటి అనలేదు.

రెండేళ్ల తర్వాత ఒక పెద్ద ఊరి టీము జిల్లా పోటీల్లో గెలిచి, జిల్లా తరఫున రాష్ట్ర పోటీలకి వెళ్లింది. ఆ ఊరి ప్రెసిడెంటుగారిది పెద్ద కొబ్బరితోట. పుర్రచెయ్యి కాయలు ఒలిచేది ఎక్కువగా ఆ తోటలోనే. టీములో అతను ఆడింది ప్రెసిడెంటుగారబ్బాయి పేరు మీద. ఆ అబ్బాయి మంచివాడే. బ్యాటు కుడిచేత్తో పట్టుకుంటాడు, మూడు బంతులకోసారి తగిలిస్తాడు. రాష్ట్ర పోటీలకి నన్నూ స్కోరు రాయడానికి తీసుకెళ్లారు. సెమీఫైనల్ మూడో గేములో ఇరవై ఏడు, ఇరవై ఏడు దగ్గర పుర్రచెయ్యి వరసగా రెండు బంతులు కోశాడు. రెండూ అవతల పడి లేవలేదు. మావాళ్లందరూ "పుర్రచెయ్యి, పుర్రచెయ్యి" అని గోలగోల. ప్రెసిడెంటుగారబ్బాయి షామియానా కింద కూల్‌డ్రింకు తాగుతూ చప్పట్లు కొట్టాడు. నేను ఆ అబ్బాయి పేరుకి ఎదురుగా రెండు పాయింట్లు వేశాను. పేరు పక్కన చుక్క పెట్టాను.

తిరిగొచ్చాక జిల్లా ఆటల సంఘం ఇచ్చే సర్టిఫికెట్లు నా మిషను మీదే కొట్టాను. ప్రెసిడెంటుగారు కొడుకుది ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు. పుర్రచెయ్యికి ఒక జత బూట్లు ఇప్పించారు. అతను వాటిని ఆడేటప్పుడు తప్ప తొడిగేవాడు కాదు.

ఆ తర్వాత తొంభై ఆరు తుపాను వచ్చింది. దాని గురించి కోనసీమలో ఎవరికీ వర్ణించి చెప్పనక్కర్లేదు. కొబ్బరిచెట్లు పడిపోయాయి, మిగిలినవాటికి మొవ్వు విరిగిపోయింది. మళ్లీ కాపు రావడానికి ఏళ్లు పడుతుందన్నారు. కాయలు లేకపోతే ఒలుపెక్కడిది? పుర్రచెయ్యికి భార్యా, ఇద్దరు ఆడపిల్లలు. పడిపోయిన చెట్లు నరికే పని కొన్నాళ్లు దొరికింది. తర్వాత అదీ లేదు. బ్యాటుకి అల్లిన గట్టు తీగలు తెగిపోతే మళ్లీ వేయించుకోలేదు.

అప్పుడే ఒక డిపార్టుమెంటులో ఆటల కోటాలో పోస్టులు పడ్డాయి. మా జిల్లాకి, మా ఆటకి ఒక్క పోస్టు. రాష్ట్ర స్థాయిలో ఆడినట్టు కాగితం ఉండాలి. పుర్రచెయ్యికి వయసు రీత్యా అదే ఆఖరి ఏడు. కండక్టరుగారు ప్రకటన కత్తిరించి తీసుకెళ్లి అతని చేతిలో పెట్టారు.

మధ్యాహ్నం బ్యాచి లేని వేళ భార్యాభర్తలిద్దరూ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చారు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నేను ట్రంకు పెట్టె తెరిచి ఏళ్ల తరబడి దాచిన స్కోరు షీట్లన్నీ నేల మీద పరిచాను. ముగ్గురం కూర్చుని వెతికాం. చుక్కలే చుక్కలు. ప్రతి చుక్క దగ్గరా అతను "ఇది రాజోలు", "ఇది కొత్తపేటండీ, ఆ రోజు వానొచ్చింది" అని చెబుతూనే ఉన్నాడు. అతని పేరు మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. ఆవిడకి చదువు అంతంతమాత్రం. "మరి ఈయన పేరేదండీ?" అని ఆవిడ రెండుసార్లు అడిగింది.

"మేష్టారూ, సర్టిఫికెట్టు మీరే కదండీ కొడతారు. నాకొకటి కొట్టియ్యండి. నేను ఆడలేదాండీ?" అన్నాడతను.

"దొంగ కాగితం నేను కొట్టనయ్యా" అన్నాను.

నిజంగానే అన్నాను ఆ మాట. అప్పటికి నేను కొట్టిన దొంగ కాగితాలకి లెక్కలేదు. అవన్నీ పెద్దవాళ్లు అడిగినవి. ఈ ఒక్కటీ నిజం, ఇది మాత్రం నాకు నేరంలా కనిపించింది. అతను తలొంచుకున్నాడు. నాకు జాలేసింది. జాలి చూపించడానికి ఖర్చేం ఉంది కనుక. ఒక ఉపాయం చెప్పాను. ప్రెసిడెంటుగారబ్బాయి కూడా అదే పోస్టుకి పెడుతున్నాడని అప్పటికే విన్నాను. "నువ్వు అర్జీ పెట్టు. ఆ పేరు మీద ఆడింది నేనే, షీటులో ఆ పేరు పక్కన ఎర్ర చుక్క నాదే, కావాలంటే స్కోరు రాసినాయన్ని అడగండి అని రాయి. వాళ్లు నన్ను పిలుస్తారు. షీటు పట్టుకొచ్చి చుక్క సంగతి చెబుతాను."

"చెబుతారాండీ?"

"చెబుతాను."

"ఆయ్" అన్నాడు. అతని మొహం వెలిగింది. అర్జీ టైపు కొట్టివ్వమన్నాడు. నా మిషను అక్షరాలు గుర్తుపడతారేమోనని భయమేసి, చేత్తో రాస్తేనే మంచిదని చెప్పాను. నా బల్ల మీదే ఎడంచేత్తో, కోడి కెలికినట్టు, గంటసేపు కూర్చుని రాసుకున్నాడు.

నెల తిరక్కుండా కాకినాడ ఆఫీసు నుంచి నాకు పిలుపు వచ్చింది, ఒరిజినల్ స్కోరు షీటు తీసుకుని ఫలానా రోజు హాజరు కావాలని. ముందురోజు పొద్దున్న ప్రెసిడెంటుగారు ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చారు. చేతిలో పూతరేకుల పొట్లం. కూర్చున్నారు, పిల్లల చదువులు అడిగారు, కాఫీ తాగారు. ఆయన గొంతు ఎప్పుడూ లేవదు.

"ఏదో చుక్క అంటున్నారంట కదండీ మేష్టారూ."

నేను పూతరేకుల పొట్లాన్ని బల్ల మీద పక్కకి జరిపాను.

"అలాంటి చుక్కలు ఎన్ని షీట్ల మీదున్నాయండీ? అన్నీ బయటికి తీత్తే ఉద్యోగాలు చేసుకుంటున్నోళ్లు ఎంతమంది ఇళ్లకి వచ్చేత్తారో ఆలోచించేరా? పాపం, వాళ్లకీ పిల్లలున్నారు కదండీ." కప్పు కింద పెట్టారు. "సర్టిఫికెట్లు ఎవరు కొట్టేరని కూడా అడుగుతారు. మీకు గవర్నమెంటు గుర్తింపుతో నడిచే ఇన్‌స్టిట్యూటు. మీకెందుకండీ ఈ గొడవ? నేను చెప్పేదేం లేదు, మీరు చదువుకున్నారు."

బెదిరించారని అనడానికి లేదు. వెళ్లేటప్పుడు నమస్కారం పెట్టి మరీ వెళ్లారు.

మర్నాడు పుర్రచెయ్యీ నేనూ ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కాం. అప్పటికి ఎదుర్లంక వంతెన లేదు. గోదావరి దాటి కోటిపల్లిలో దిగి, అక్కణ్ణుంచి కాకినాడ బస్సు పట్టుకోవాలి. పంటు మీద అతను ఒకటే కబుర్లు. ఉద్యోగమొస్తే పిల్లల్ని అమలాపురం కాన్వెంటులో వేస్తాడట. పేటలో ఒక కోర్టు వేయిస్తాడట. "అప్పుడు మా ఊరి పేరు మీదే టీమండీ. మీరే రాయాలి పేర్లు. చుక్కలు లేకుండా." నేను నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాను. చంకలో షీటు ఉన్న ఫైలు. చెప్పేస్తాననే అనుకున్నాను, ఒట్టు. ఆ ఆఫీసు మెట్లెక్కేదాకా కూడా అనుకున్నాను.

అతన్ని వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు. నన్నొక్కణ్ణే లోపలికి పిలిచారు. లోపల ఆఫీసరుగారు, ఒక గుమస్తా, గోడవారగా ప్రెసిడెంటుగారబ్బాయి. ఆ అబ్బాయి నన్ను చూసి తల దించుకున్నాడు. ఆఫీసరుగారు షీటు తీసుకుని చాలాసేపు చూశారు.

"ఇది మీ దస్తూరీయేనా?"

"ఆయ్."

"చాలా బాగుంది. ఈ పేరు పక్కన ఈ ఎర్ర చుక్క ఏంటి?"

ఆయన సూటిగా అడిగారు. చెప్పడానికి ఇంతకన్నా తేలికైన దారి ఎవరూ వేసి ఇవ్వరు. వరండాలో మనిషి ఉన్నాడు. చంటిపిల్లాడికైనా జవాబు నోటికి వస్తుంది. నాకు కనబడింది మాత్రం నా ఏడు మిషన్లు, ఇన్‌స్టిట్యూట్ తలుపుకి తాళం.

"పెన్ను కారిందండీ" అన్నాను.

"అంతేనా?"

"అంతేనండీ. ఎర్రసిరా పెన్నులు తొందరగా కారతాయి."

"ఈ అబ్బాయే ఆడాడా?"

"ఆయ్."

గుమస్తా ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టాను. నా సంతకం కూడా బాగుంటుంది.

బయటికొచ్చేసరికి అతను బెంచీ దగ్గర లేడు. వరండా చివర, ఆ గది కిటికీ పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి దగ్గరికొచ్చాడు. "చెప్పాను. వాళ్లు రాసుకున్నారు. ఇక మన చేతుల్లో ఏం లేదు" అన్నాను. నా మొహం నాకే అసహ్యంగా అనిపించింది. అతను నన్ను కాసేపు చూశాడు. "ఆయ్. రండి మేష్టారూ, ఎండలో వచ్చేరు, టీ తాగుదురుగాని" అన్నాడు. కోటిపల్లి రేవులో నాకు టీ ఇప్పించాడు. తను తాగలేదు. పంటు మీద కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అలిసిపోయాడనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

ఉద్యోగం ప్రెసిడెంటుగారబ్బాయికి వచ్చింది. కండక్టరుగారు విని నా దగ్గరికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "మీరు చెప్పలేదు కదూ" అన్నారు. ఆయన మళ్లీ నా గడప తొక్కలేదు.

పుర్రచెయ్యి మాత్రం వచ్చేవాడు. ఒక్క మాట అడగలేదు. ఇంకో రెండు మూడేళ్లకి గల్ఫు వెళ్లడానికి పాస్‌పోర్టు ఫారం నింపించుకోవడానికి వచ్చాడు. ఇంటిపేరుతో సహా అతని పూర్తి పేరు నేను రాయడం అదే మొదలు. ఇన్నేళ్ల స్నేహంలో అదే మొదలు. "అక్షరాలు చూసుకోవయ్యా" అంటే "మీరు రాత్తే తప్పుండదుకదండీ" అన్నాడు. అందులో ఎత్తిపొడుపేమన్నా ఉందా అని మొహం చూశాను. ఏం కనబడలేదు.

అక్కడ అతనిది గోడౌనులో మూటలు మోసే పని. ఈలోగా ఇక్కడ టైపు మిషన్లు మూలబడ్డాయి, కంప్యూటర్లొచ్చాయి. ఏ మిషన్ల కోసం ఆ రోజు అబద్ధమాడానో వాటిని పాతసామాన్లవాడికి తూకానికి ఇచ్చేశాను. కోర్టులన్నీ పోయాయి. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు పుర్రచెయ్యి నా దగ్గరికొచ్చాడు. మనిషి సగమయ్యాడు, ఎడమ భుజం కిందికి జారిపోయింది. జేబులోంచి చిన్న డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. అందులో ఖరీదైన పెన్ను ఉంది.

"మీ చేతిరాతకి బాగుంటాదని తెచ్చేనండీ. ఇది కారదంట."

తెలిసే అన్నాడా, మామూలుగా అన్నాడా? అడగడానికి నోరు రాలేదు. అతను పిల్లల కబుర్లు చెప్పి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. ఆ పెన్నుతో నేను ఒక్క అక్షరం కూడా రాయలేదు. డబ్బాతో సహా బీరువాలో పెట్టేశాను.

మరో రెండేళ్లకి అతను పెట్టెలో వచ్చాడు. పనిలో ఉండగా గుండె ఆగిందని కాగితం మీద ఉంది. ఆ పెట్టె మీద తెల్లటి చీటీ అంటించి ఉంది. దాని మీద ఇంగ్లీషు పెద్దక్షరాల్లో అతని పూర్తి పేరు ఉంది. ఒక్క తప్పు లేదు. నేను నింపిన ఫారంలోంచి ఎక్కినదే కదా. పేటలో జనం చాలామందే వచ్చారు. పాత ఆటగాళ్లు వచ్చారు. కండక్టరుగారు వచ్చి, నాకు ఆమడ దూరంలో నిలబడ్డారు. ప్రెసిడెంటుగారబ్బాయి కూడా ఆఫీసు జీపులో వచ్చి, పూలదండ వేసి, ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు.

నలభై రోజులకి సమాధి కట్టారు. ఆవిడ కబురు పంపింది. వెళ్లాను. సిమెంటు సిలువకి తెల్ల రంగు వేసి ఉంది. పక్కనే నల్ల రంగు డబ్బా, సన్న కుంచె. ఇంటి పనులకి పోయి పోయి ఆవిడ చేతులు మొద్దుబారిపోయాయి.

"పేరు మీరు రాయాలండీ" అంది.

"ఎవరైనా పెయింటరుచేత రాయించమ్మా. నాకు వద్దు."

"మీ రాత బాగుంటాదని ఆయన ఎప్పుడూ అనేవోరండీ."

నా వల్ల కాలేదు. అక్కడే, ఆ ఎండలోనే నోరు తెరిచాను. "అమ్మా, ఆ రోజు కాకినాడలో నేను..."

"తెలుసండీ" అంది ఆవిడ. "కిటికీ దగ్గరే ఉన్నారంట కదా. అంతా విన్నారు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. నేను మిమ్మల్ని నాలుగు మాటలు అడిగేత్తానని బయల్దేరితే చెయ్యి పట్టుకుని ఆపేసేరు. అడగొద్దే, అడిగితే మేష్టారు మళ్లీ అబద్ధం ఆడాల్సొత్తాది అన్నారు."

ఆవిడ కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. తన్నినా పడేవాణ్ణి. ఎనిమిదేళ్లపాటు ఆ మనిషి నా అబద్ధాన్ని తన దగ్గర దాచుకుని, వచ్చినప్పుడల్లా నన్ను మేష్టారూ అని పిలిచాడు.

కుంచె తీసుకున్నాను. ఆవిడ లోపలికెళ్లి బైబిలు తెచ్చింది. ఒకప్పుడు నా కుర్చీ కింద సంచిలో ఉండేదే. మొదటి పేజీ తెరిచి నా పక్కన నిలబడింది. అక్కడ అతను తన పేరు తానే రాసుకున్నాడు, ఎడంచేత్తో, కోడి కెలికినట్టు.

"ఈసారి ఆయన పేరే రాయండి" అంది.

నేను రాయడం మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం అవగానే ఆవిడ బైబిలులో ఉన్న అక్షరం మీద వేలు పెట్టేది, సిలువ మీది అక్షరాన్ని చూసేది, మళ్లీ బైబిలు చూసేది. రెండూ ఒకటేనని నిదానంగా నిర్ధారించుకున్నాకే వేలు పక్క అక్షరం మీదికి జరిపేది. అప్పటిదాకా నేను కుంచె పట్టుకుని ఆగేవాణ్ణి. నా చేతిరాతని అంతకు ముందు ఎవరూ సరిచూసుకోలేదు.